బాతు బొమ్మ కొట్టు

ఆమదాలవలస స్టేషన్లో దిగి, ఊళ్లోకి వచ్చే రోడ్డు పట్టుకుని, అనూరాధ కంప్యూటర్స్ ఎక్కడని అడిగితే పదిమందిలో తొమ్మిదిమంది బుర్ర గోక్కుంటారు. అదే బాతు కొట్టు ఎక్కడంటే మాత్రం, ధాన్యం కొట్టు దాటాక ఎడమ పక్క రెండోది అని టక్కున చెయ్యి చూపిస్తారు. ఆ బాతు నిజానికి బాతు కాదు, పెంగ్విన్. విండోస్ బదులు కంప్యూటర్లో ఊరికే వేసుకోగలిగే లినక్స్ వాళ్ల గుర్తు. అనూరాధ ఆ బొమ్మని కొట్టు అద్దం మీద అంటించి పద్దెనిమిదేళ్లు దాటింది. మొదటి రెండేళ్లూ "బాతు కాదండీ, పెంగ్విన్" అని వచ్చిన ప్రతివాళ్లకీ ఓపిగ్గా చెప్పింది. ఆ తరవాత ఆవిడ ఓపిక అయిపోయింది గానీ బాతు మాత్రం ఉండిపోయింది.

అనూరాధకి ఇప్పుడు నలభై ఆరేళ్లు. పని టైపింగూ, జిరాక్సూ, శుభలేఖలూ, దరఖాస్తులూ. పిచ్చి లినక్సు. ఆధార్ కార్డు జిరాక్స్ కోసం వచ్చిన మనిషి పొరపాటున "మా ఇంట్లో పాత కంప్యూటర్ మూలన పడుందండీ" అన్నాడో, ఇక ఆ రోజుకి అతని పని అయినట్టే. "పడెయ్యకండి, పట్టుకురండి. లినక్స్ వేసి ఇస్తాను, గుర్రంలా పరిగెడుతుంది" అంటుంది. ఆవిడ మొగుడు త్రినాథ్ రైస్ మిల్లులో గుమస్తా. వెటకారం అతనికి పుట్టుకతో వచ్చిన విద్య. "మా ఆవిడ మనుషులకి ఒక్క సంబంధం కుదర్చలేదు గానీ, ముసలి కంప్యూటర్లకి మాత్రం మళ్లీ మళ్లీ పెళ్లిళ్లు సేసేస్తాది" అని మిల్లులో అందరికీ చెప్పి నవ్విస్తాడు. అలా అంటూనే తన ఫోన్లో పెంగ్విన్ బొమ్మే పెట్టుకున్నాడు. అడిగితే మాత్రం ఒప్పుకోడు.

ఈ పిచ్చి ఎక్కడ మొదలైందంటే కంప్యూటర్ దగ్గర కాదు, టైపు మిషన్ దగ్గర. తొంభై ఆరులో ఇంటర్ తప్పి, వరి చేలగట్ల మీద కాళ్లీడ్చుకుంటూ తిరుగుతున్న పిల్లని చూసి తండ్రి తెచ్చి ఆమదాలవలసలో జగన్నాధం మాస్టారి టైపు ఇన్‌స్టిట్యూట్లో పడేశాడు. ఒక పెంకుటింటి ముందుగది, పన్నెండు మిషన్లు, అందులో తెలుగువి మూడు. పొద్దున్న ఆరున్నరకి అన్నీ ఒక్కసారి మొదలైతే వీధి చివరిదాకా వినిపించేది. ఆ చప్పుడు ఇప్పుడెక్కడా లేదు. అనూరాధ చెవుల్లో మాత్రం ఉంది. తమ పల్లె నుంచి వచ్చే పాసింజరు బండి దిగి పరిగెత్తుకుంటూ వచ్చేదా, మలుపు తిరిగేసరికే ఆ టకటక వినిపించి గుండె జారిపోయేది, ఆలస్యమైపోయిందని.

ఉద్యోగాలు ఇంగ్లీషుకే వస్తాయని అందరూ ఇంగ్లీషు మిషన్లకి ఎగబడేవారు. ఖాళీగా ఉంది కదాని అనూరాధ తెలుగు మిషన్ దగ్గర కూర్చుంది. మాస్టారికి అదే ఆనందం. ఆయన పద్ధతి ఒకటుండేది. కొత్తగా వచ్చినవాళ్ల చేతుల మీద తువ్వాలు కప్పేవారు, మీటలు కనబడకుండా. కళ్లు ఎదురుగా ఉన్న కాగితం మీదే ఉండాలి. తల ఇంత వంగిందా, వెనకనుంచి గొంతు వినబడేది.

"కిందికి సూడకే అనూరాధా. మీటలెక్కడికీ పారిపోవు."

రోజుకి ఇరవైసార్లు అనేవారు ఆ మాట. లోయరూ హయ్యరూ టైపు పరీక్షలు రెండూ పాసయ్యేసరికి అనూరాధ వేళ్లకి కళ్లు వచ్చేశాయి. తెలుగులో ఆ జిల్లాలో తన అంత వేగం ఇంకెవరికీ లేదని మాస్టారే చెప్పుకునేవారు, తన కూతురు యమున ఎదురుగానే. యమున మూతి ముడుచుకునేది.

పెళ్లయ్యాక రెండువేల మూడులో కొట్టు పెట్టింది. మిషన్ల రోజులు పోయాయి, కంప్యూటర్ కొంది. కొంది గానీ దానితో మనసు కలవలేదు. మౌస్ అంటే చిరాకు. చేతులు మీటల మీంచి తీసి, పక్కనున్న డబ్బీ పట్టుకుని, ఇంత చిన్న బాణం గుర్తుని వెతుక్కుంటూ వెళ్లి నొక్కాలా? దీనికి తోడు వచ్చినవాడల్లా తెచ్చే పెన్ డ్రైవుల్లో వైరసులు. వారానికోసారి కంప్యూటర్ పడుకునేది, శ్రీకాకుళం నుంచి మెకానిక్ వచ్చి లేపేవాడు.

రెండువేల ఏడులో ఒకరోజు స్టేషన్ పుస్తకాల కొట్లో ఒక కంప్యూటర్ పత్రిక కొంది, దాంతో సీడీ ఊరికే వస్తుందని. ఆ సీడీలో ఉన్నది లినక్స్. మధ్యాహ్నం బేరాల్లేని వేళ కంప్యూటర్లో పెట్టింది. అది అడిగిన ప్రతిదానికీ సరే అంది. "మొత్తం డిస్కు తుడిచెయ్యమంటారా" అని అడిగితే దానికీ సరే అంది. మర్యాదగా అడిగితే కాదనలేని మనిషి మరి. మూడేళ్లుగా చేసిన శుభలేఖల నమూనాలన్నీ గంగలో కలిశాయి. త్రినాథ్ ఆ మాట విని రెండు రోజులు నవ్వాడు. ఆవిడ మూడు రోజులు ఏడ్చింది. నాలుగోరోజు కన్నీళ్లు తుడుచుకుని చూస్తే తెర మీద ఒక నల్లటి గది కనిపించింది, అందులో ఒక తెల్లటి గీత మినుకుమినుకుమంటోంది. అది ఏదైనా టైపు చెయ్యమని అడుగుతోంది. మౌస్ అక్కర్లేదు. చేతులు మీటల మీంచి తియ్యక్కర్లేదు. మాట టైపు చేస్తే పని జరిగిపోతుంది.

 ఇది మాస్టారి ఇన్‌స్టిట్యూటే కదా అనుకుంది అనూరాధ. అప్పణ్ణించీ ఇక వెనక్కి చూడలేదు. ప్రింటర్ పనిచెయ్యడానికి పదకొండు రోజులు పట్టింది. ఆ పదకొండు రోజులూ బేరాలన్నీ పక్క కొట్టుకి పోయాయి. పోతే పోనీ అంది. ఉబుంటు అనే లినక్స్ తయారుచేసేవాళ్లకి రాస్తే విదేశం నుంచి పోస్టులో ఊరికే సీడీలు పంపేవారు. ఆ కవరు వచ్చిన రోజు పోస్టుమాను దాన్ని రెండు చేతుల్తో పట్టుకొచ్చి, అందరికీ చూపించి మరీ ఇచ్చాడు. వీధిలో వారంపాటు అదే కబురు, ఫారిన్ నుంచి అనూరాధకి ఏదో వచ్చిందట అని. ఆ కవరు ఇప్పటికీ బీరువాలో పట్టుచీరల కింద ఉంది.

ఆ ఆనందంలో ఒక ముల్లు కూడా ఉంది. రెండువేల తొమ్మిదిలో మాస్టారు ఇన్‌స్టిట్యూట్ మూసేశారు. నేర్చుకునేవాళ్లు లేరు. పదకొండు మిషన్లు పాత ఇనుముకి పోయాయి, ఒక తెలుగు మిషన్ మాత్రం ఉంచుకున్నారు. ఆ తరవాత ఒకరోజు తనంతట తనే కొట్టుకి వచ్చారు, ఇస్త్రీ చొక్కా వేసుకుని. అనూరాధ పొంగిపోయి తన కుర్చీలో కూర్చోబెట్టింది. ఆయన వీపు నిటారుగా పెట్టి, కళ్లు తెర మీద నిలిపి, టకటకా ఒక పేరా కొట్టారు. తెర మీద వచ్చింది తెలుగు కాదు. గుళ్లూ ఏత్వాలూ అన్నీ వేటికో వాటికి తగులుకుని, చదవడానికి వీల్లేని కంగాళీ. ఇంకోసారి కొట్టారు. మళ్లీ అదే. మీటల చోట్లు మరిచిపోయారు కాబోలు పెద్దాయన అనుకుంది అనూరాధ. ఎదురుగా ఇద్దరు బేరగాళ్లు నవ్వు ఆపుకుంటున్నారు.

"ఇది నా సేతులకి రాదమ్మా" అని లేచారు మాస్టారు. మళ్లీ ఆ కొట్టు మెట్టెక్కలేదు.

మీ వేళ్లకి సరిపడేలా నేను మారుస్తాను మాస్టారూ, లినక్స్‌లో అన్నీ మార్చుకోవచ్చు అని అనూరాధ వెనకనుంచి అరిచి చెప్పింది. ఆ మాట నిజమే. ఏ మీట నొక్కితే ఏం రావాలో రాసుకున్న కాగితం లాంటి ఫైలు ఒకటుంటుంది, ఎవరైనా తెరిచి దిద్దుకోవచ్చు. కానీ ఇవాళ, రేపు అంటూ పదిహేనేళ్లు గడిపేసింది. ఊరి కంప్యూటర్లన్నిటికీ లినక్స్ వేసింది గానీ మాస్టారికిచ్చిన మాట మాత్రం అలాగే ఉండిపోయింది.

నిరుడు వానలు పట్టే వేళకి మాస్టారికి పక్షవాతం వచ్చింది. ప్రాణం నిలిచింది, మాట పడిపోయింది. మాటలు మర్చిపోలేదు, నాలుకే తిరగడం లేదు, తెలివంతా ఉంది అన్నాడు డాక్టరు. వేళ్లు కదులుతాయి గానీ కలం పట్టేంత పట్టు లేదు. పాతపట్నంలో ఉంటున్న యమున వచ్చి అట్టముక్క మీద అక్షరాలన్నీ గళ్లుగా రాసి పెట్టింది, వేలు పెట్టి చూపించు నాన్నా అని. ఆయన వేలు వణికి పక్క గడిలోకి జారిపోయేది. రెండు అక్షరాలు కుదిరేసరికి అలిసిపోయేవారు. ఫోన్ మీటలు మరీ చిన్నవి.

అనూరాధ చూడ్డానికి వెళ్లేసరికి మాస్టారు మంచం మీద దిండుకి ఆనుకుని, వేలితో కిందికి చూపిస్తున్నారు. ఆయన భార్య కూర్మమ్మ గారు గుమ్మం దగ్గర నిలబడి ఉంది.

"ఏటి కావాలి? సెప్పులా?" అని ఆవిడ చెప్పులు తెచ్చి మంచం పక్కన పెట్టింది.

మాస్టారు తల అడ్డంగా ఊపారు. మళ్లీ కిందికి చూపించారు.

"నేల తుడవాలా? ఉండండి, సీపురు తెస్తన్నాను."

చీపురు చూడగానే మాస్టారు మంచం పట్టె మీద చేత్తో కొట్టారు. గొంతులోంచి ఏదో గరగరమంది. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"నెల్లాళ్ల నుంచీ ఇదే గోలమ్మా" అంది కూర్మమ్మ, చీర చెంగుతో మొహం తుడుచుకుంటూ. "కిందికి సూపిస్తారు. ఏటి తెచ్చినా కాదంటారు. ఆ మనసులో ఏటి ఉన్నాదో నాకు తెలవడం నేదు. ఆ మాట సెప్పకుండానే పోతారేమోనని భయమేస్తాది."

 పదిహేనేళ్ల కిందట తను ఒక్క నెల కూర్చుని ఉంటే ఇవాళ ఈ మనిషి మాట్లాడుతూ ఉండేవాడు. ఆ రోజే ఒక పాత లాప్‌టాప్ దులిపి, లినక్స్ వేసి, పెద్ద కీబోర్డు తగిలించింది. పాత మిషన్ మీటల పటం తన గుర్తులోంచి తీసి ఫైల్లో రాసింది. షిఫ్ట్ మీట ఒకసారి తాకి వదిలేస్తే చాలేలా, వణికే వేలు పొరపాటున తగిలితే లెక్కలోకి రాకుండా, ఒక క్షణం ఆనితేనే అక్షరం పడేలా పెట్టింది. వారం తిరక్కుండా తీసుకెళ్లి మాస్టారి ఒళ్లో బల్ల మీద పెట్టింది.

మాస్టారి చేతులు వాటంతట అవే చోటు చూసుకుని మీటల మీద వాలాయి.  నెమ్మదిగా, ఒక్కొక్క వేలూ పడింది. తెర మీద మళ్లీ అదే కంగాళీ. గుడి ఒకచోట, అక్షరం ఒకచోట. కొట్టులో ఆ రోజు వచ్చినట్టే.

మాస్టారు కీబోర్డుని తోసేసి గోడవైపు తిరిగిపోయారు.

"ఒద్దులే అమ్మా" అంది కూర్మమ్మ నెమ్మదిగా. "ఆయన్ని కష్టపెట్టకు."

అనూరాధ కళ్లు తుడుచుకుంటూ వెనక వసారాలోకి వెళ్లింది. అక్కడ ఒక మూల, పాత దుప్పటి కింద, మిగిలిన ఆ ఒక్క తెలుగు మిషన్ ఉంది. మీద బియ్యం డబ్బా, చేట. సగం మీటలు తుప్పు పట్టి బిగుసుకుపోయాయి. నొక్కాలంటే తనకే బలం చాలదు, మాస్టారి వల్ల ఏమవుతుంది? ఏం చేస్తున్నానో తెలియకుండానే డబ్బా దించి, పీట వేసుకుని, కళ్లు మూసుకుని మాస్టారి పేరులో ఉన్న అక్షరాలు కొట్టబోయింది. ఆ తరవాత తన పేరు. ఆ తరవాత "కిందికి సూడకు".

అక్కడ ఆగిపోయింది. గుడి మీట ముందు పడింది. అక్షరం మీట తరవాత పడింది. ఇంకోసారి కొట్టి చూసింది. వేలు మళ్లీ ముందు గుడి మీదికే వెళ్లింది.

అప్పుడు గుర్తొచ్చింది. పాత మిషన్లో గుడీ ఏత్వమూ ఒత్తూ లాంటి మీటలు నొక్కితే కాగితం పక్కకి జరగదు. వాటిని ముందు కొట్టాలి. అక్షరం వెనక వచ్చి అదే చోట పడితే అప్పుడు జరుగుతుంది. కంప్యూటర్లో అంతా తలకిందులు, అక్షరం ముందు, గుర్తు వెనక. ఇరవయ్యేళ్లు కంప్యూటర్ మీద కొట్టి కొట్టి ఆ సంగతే మరిచిపోయింది తను. మాస్టారు ఆనాడూ తప్పు కొట్టలేదు, ఇవాళా తప్పు కొట్టలేదు. ఇద్దరు బేరగాళ్ల ముందు ఆయన తలవంచుకుని వెళ్లిపోతుంటే, మరిచిపోయారు కాబోలు అనుకుంది తను! 

మీటల చోట్లు మారిస్తే సరిపోదని తేలింది. ఈ గుర్తు వచ్చి, ఆ వెనక ఈ అక్షరం వస్తే రెంటినీ కలిపి ఇలా చూపించు అని ప్రతి జతకీ విడిగా రాయాలి. ఇంటర్నెట్లో లినక్స్ వాళ్లు కబుర్లు చెప్పుకునే చోట అడిగితే, బరంపురం నుంచి ఎవరో ఒకాయన, ఒడియా టైపు మిషన్ కోసం తను రాసుకున్న ఫైలు పంపించాడు. ఊరూ పేరూ ముఖమూ తెలియని మనిషి. "మా నాన్న కోసం చేశాను, మీకు పనికొస్తే వాడుకోండి" అని రెండు ముక్కలు రాశాడు. ఇందుకే కదా ఈ లినక్స్ అంటే నాకింత ఇష్టం అని త్రినాథ్‌తో అంది. త్రినాథ్ వెటకారమాడలేదు. మధ్యాహ్నం మిల్లు నుంచి భోజనానికి వచ్చి, అతనే కొట్టులో జిరాక్సులు తీసి పెట్టేవాడు, ఆవిడ రాసుకోవడానికి వీలుగా. మూడు వారాలు మధ్యాహ్నాలన్నీ దానికే పోయాయి. అనుమానం వచ్చిన ప్రతిసారీ మాస్టారింటి వసారాలోకి వెళ్లి, కళ్లు మూసుకుని, తన వేళ్లనే అడిగింది.

ఒక ఆదివారం పొద్దున్న మళ్లీ వెళ్లింది, త్రినాథ్‌ని వెంటబెట్టుకుని. మాస్టారు లాప్‌టాప్‌ని చూసి మొహం తిప్పుకున్నారు.

"తప్పు నాదే మాస్టారూ" అంది అనూరాధ. "గుడి ముందు కొట్టాలని మర్సిపోనాను. మీరు నేర్పిందే మర్సిపోనాను. ఈ ఒక్కసారికి కొట్టండి."

చాలాసేపు ఆవిడ మొహంలోకి చూశారు. తరవాత చేతులు మీటల మీద పెట్టారు. ఒక వేలు పడింది, ఆగింది, ఇంకో వేలు పడింది. తెర మీద అక్షరాలు ఒక్కొక్కటే వచ్చాయి, సరైన తెలుగులో.

అనూరాధా.

 రెండు నెలల తరవాత ఆయన పిలిచిన మొదటి పిలుపు. త్రినాథ్ వెనకనుంచి "ఒలప్పో!" అని ఆశ్చర్యపోయాడు. మాస్టారు వాళ్లనెవరినీ చూడలేదు. కళ్లు తెర మీదే ఉన్నాయి. వేళ్లు మళ్లీ కదిలాయి.

కిందికి చూడు.

జన్మంతా కిందికి చూడొద్దన్న మనిషి! అనూరాధ గబుక్కున వంగి మీటల వైపు చూసింది, ఏ మీటైనా సరిగ్గా పడడం లేదేమోనని. మాస్టారు తల అడ్డంగా ఊపి ఇంకా కొట్టారు. ఈసారి చాలాసేపు పట్టింది.

అక్కడ కాదు. కూర్మమ్మ కాళ్లు.

 ఒక్కసారిగా అందరూ గుమ్మం వైపు తిరిగారు. కూర్మమ్మ చీర కుచ్చిళ్లు కిందికి లాక్కుంటూ వెనక్కి జరిగింది. అనూరాధ లేచి వెళ్లి, వంగి, ఆ కుచ్చిళ్లు పైకెత్తింది. రెండు పాదాలూ పొంగి, చర్మం నిగనిగలాడుతోంది. పట్టీలు వాపులో కూరుకుపోయాయి. వేలితో నొక్కితే గుంట పడి అలాగే ఉండిపోయింది.

"ఎన్నాళ్ల నుంచమ్మా ఇలగ?"

"ఏటో, నీరు దిగినాది" అంది ఆవిడ నేల చూపులు చూస్తూ. "ఆయన్ని ఇలగ వదిలేసి నా కాళ్లు పట్టుకు కూకుంటానేటి? యమునకి సెప్పితే పిల్లల్ని వదిలేసి పరిగెట్టుకొస్తాది. ఆయాసమా? కొంచెం. మెట్లెక్కితే."

మంచం మీంచి కదల్లేని మనిషికి ఆ కాళ్లే కదా రోజంతా కనబడేవి. అందరూ ఆయన్ని చూసేవారు, ఆయన ఆవిడని చూసేవారు. యమున అట్ట చూసింది, డాక్టరు నాలుక చూశాడు. తను తెర చూసింది. ఇన్ని వారాలు ఆ ఇంటికి తిరుగుతూ, ఆవిడ చేతి మంచినీళ్లు తాగుతూ, ఒక్కసారి తల వంచి చూడలేదని అనూరాధకి ఏడుపు తన్నుకొచ్చింది.

త్రినాథ్ అప్పటికే ఆటో కోసం వీధిలోకి పరిగెత్తాడు. గంటలో శ్రీకాకుళం ఆస్పత్రిలో ఉన్నారు. గుండె బలహీనపడి ఒంటికి నీరు పట్టింది, ఇంకో పదిహేను రోజులు ఆగి ఉంటే మా చేతుల్లో ఉండేది కాదు అన్నాడు అక్కడి డాక్టరు. యమున వచ్చి నాన్న దగ్గర ఉంది. పన్నెండోరోజున కూర్మమ్మ తన కాళ్ల మీద తను నడుచుకుంటూ ఇంట్లోకి వచ్చింది. పాదాలు సన్నబడి, పట్టీలు మళ్లీ వదులుగా వేలాడుతున్నాయి.

మంచం పక్కన కుర్చీ వేసి కూర్చోబెట్టారు, కాళ్ల కింద పీట పెట్టి. మాస్టారు ఆ పాదాల కేసి చూస్తూ ఉండిపోయారు.

"రెణ్ణెల్లు నా కాళ్లకేసి వేలు సూపిస్తే, నాను సెప్పులు తెచ్చి పెట్టినాను తల్లీ" అంది కూర్మమ్మ అనూరాధతో, నవ్వబోయి, నవ్వలేక.

మాస్టారి చేతులు మీటల మీదికి వెళ్లాయి. ఒక్కొక్క మీటే నొక్కి ఆగాయి.

"ఏటి రాసినారు? నాకు కనబడదు, సదువు" అంది కూర్మమ్మ.

అనూరాధ చదివింది.

"చీపురు కూడా తెచ్చావు."

కూర్మమ్మ చెంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. నవ్వుతూ నవ్వుతూనే ఏడ్చేసింది. మాస్టారి చెయ్యి కీబోర్డు మీంచి జారి, కుర్చీ చేతి మీదున్న ఆవిడ చేతి మీద ఆగింది.